గుడ్డు పెంకు చెప్పే సంగతులు

(హాస్టల్ సైన్సు క్లబ్ తరఫున, పై తరగతుల విద్యార్థులం)

గుడ్డు పెట్టే రోజు మన హాస్టల్లో లైను ఎంత పొడుగ్గా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. తెల్లసొన, పచ్చసొన మన కంచంలోకి వస్తాయి. పెంకు చెత్తబుట్టలోకి పోతుంది. ఈ వ్యాసం ఆ చెత్తబుట్టలోకి పోయే దాని గురించే.

పెంకు గురించి ఎందుకు అంటే, ముందు మన లెక్కే చూడండి. ఒక అట్ట ట్రేలో 30 గుడ్లు. అందులో నాలుగు పగిలి వస్తే, నలుగురికి గుడ్డు లేనట్టే. ఆ నలుగురూ ఎప్పుడూ లైను చివర నిలబడే చిన్న తరగతుల పిల్లలే. "ఆటోలో కుదుపులకి పగిలాయి" అని తెచ్చినవాళ్ళు అంటారు. కుదుపులు నిజమే. కానీ అదే ఆటోలో, అదే ట్రేలో, పక్కపక్కనే ఉన్న రెండు గుడ్లలో ఒకటి పగిలి ఒకటి ఎందుకు నిలిచింది? ఆ ప్రశ్నకి జవాబు రోడ్డు మీద దొరకదు, కోడి కడుపులో దొరుకుతుంది.

కోడి అండాశయం నుంచి విడుదలయ్యేది పచ్చసొన ఒక్కటే. అది అండవాహిక అనే పొడుగాటి గొట్టంలో ప్రయాణిస్తుంది. మొదట గరాటులాంటి భాగంలో పావుగంట, ఇరవై నిమిషాలు ఉంటుంది. తర్వాత భాగంలో సుమారు 3 గంటలు ఉండి తెల్లసొన చుట్టించుకుంటుంది. ఆ పై భాగంలో గంటకు కాస్త ఎక్కువసేపు ఉండి రెండు పలుచని పొరలు తొడుక్కుంటుంది. ఉడికిన గుడ్డు వలిచేటప్పుడు వేలికి అంటుకునే తెల్లటి పొర ఇదే. ఇంతవరకు కలిపితే అయిదు గంటలు కూడా కాలేదు. మిగిలిన దాదాపు 20 గంటలూ గుడ్డు ఒక్కచోటే, పెంకు గ్రంథిలో ఉండిపోతుంది. అంటే గుడ్డు తయారీలో ఎక్కువ సమయం పట్టేది మనం పారేసే భాగానికే!

మొత్తం మీద 25 గంటలు దాటుతుంది కాబట్టి కోడి ప్రతిరోజూ నిన్నటికంటే కొంచెం ఆలస్యంగా పెడుతుంది. అలా జరిగి జరిగి సాయంత్రం దాకా వచ్చాక ఒక రోజు మానేసి, మళ్ళీ పొద్దున్నే మొదలుపెడుతుంది. ఇళ్ళలో కోళ్ళు పెంచే అమ్మలకి, నాయనమ్మలకి ఈ సంగతి ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు.

పెంకులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేట్. సున్నపురాయి, పాలరాయి, సుద్దలో ఉండేదీ ఇదే. ల్యాబులో పెంకు ముక్క మీద సజల హైడ్రోక్లోరికామ్లం వేస్తే బుస్సున బుడగలు వస్తాయి. ఆ వాయువును సున్నపు తేటలోకి పంపితే తేట పాలలా తెల్లబడుతుంది. ఇది మనం చేసిన ప్రయోగమే. పెంకు గ్రంథిలో జరిగేది దీనికి తిరుగు వరస అనుకోవచ్చు. కోడి శరీరంలోని కార్బన్ డయాక్సైడ్, నీరు కలిసి బైకార్బొనేట్ అవుతుంది. రక్తంలోంచి వచ్చిన కాల్షియం దాంతో కలిసి స్ఫటికాలుగా పేరుకుంటుంది. ముందు పొర మీద చిన్నచిన్న గుబ్బల్లా మొలుస్తాయి. వాటి మీద స్తంభాలు లేస్తాయి. స్తంభాలు ఒకదానికొకటి ఒరుసుకుని గోడగా మారతాయి. ఆ గోడ మందం 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు మాత్రమే. చివరిగా దాని మీద కంటికి కనిపించని ఒక పైపూత వస్తుంది.

ఇప్పుడు కాస్త లెక్క చేద్దాం. కాల్షియం కార్బొనేట్ అణుభారం 100, అందులో కాల్షియం 40. ఒక గుడ్డు పెంకులో కార్బొనేట్ సుమారు 5 గ్రాములుంటే, కాల్షియం 2 గ్రాములు. కోడి అస్థిపంజరం మొత్తంలో ఉండే కాల్షియం సుమారు 20 గ్రాములు. అంటే ఒక్క గుడ్డుకి తన ఎముకల్లోని కాల్షియంలో పదో వంతు అంత ఇచ్చేస్తోంది. ఫారాల్లో పెంచే తెల్ల లెగ్‌హార్న్ జాతి కోడి ఏడాదికి 300 గుడ్లు పెడుతుందనుకుంటే, ఆ ఏడాదిలో 600 గ్రాముల కాల్షియం బయటికి పోయినట్టు. తన ఎముకల్లో ఉన్నదానికి 30 రెట్లు! ఈ లెక్క వేసినప్పుడు మాలో ఇద్దరు తప్పు వచ్చిందేమోనని మళ్ళీ మొదటినుంచి వేసి చూశారు.

మరి అంత కాల్షియం ఎక్కడిది? దాణాలోంచి రావాలి. అందుకే గుడ్ల కోళ్ళ దాణాలో సున్నపురాయి ముక్కలు, సముద్రపు గుల్లలు కలుపుతారు. కాని ఇక్కడో చిక్కుంది. పెంకు ఎక్కువగా తయారయ్యేది రాత్రిపూట. కోడి రాత్రి తినదు. ఆ సమయంలో అది తన ఎముకల్లోంచి అప్పు తీసుకుంటుంది. గుడ్లు పెట్టే వయసు రాగానే పక్షి ఎముకల బోలు భాగంలో ఒక ప్రత్యేకమైన ఎముక ఏర్పడుతుంది. అది కాల్షియానికి డబ్బాలాంటిది. రాత్రి తీసుకుని, పగలు తిన్నదానితో మళ్ళీ నింపుతుంది. తెలివైన రైతులు సున్నపురాయిని పొడిగా కాకుండా పలుకులుగా, అదీ సాయంత్రం పూట వేస్తారు. పలుకులు కడుపులో నెమ్మదిగా కరుగుతూ రాత్రంతా అందుతాయి. దాణాలో సున్నం తక్కువైతే అప్పు తీరదు. మొదట పెంకు పలుచబడుతుంది, తర్వాత కోడి ఎముకలే గుల్లబారతాయి. పంజరాల్లో పెంచే కోళ్ళు ఇలా కాళ్ళు పడిపోయి, నిలబడలేక చనిపోవడం ఉంది. చవకగా దొరికే గుడ్డు వెనక ఈ సంగతి కూడా ఉందని తెలిసి ఉండటం మంచిదని మా అభిప్రాయం.

వేసవిలో పగుళ్ళు ఎక్కువ కావడానికి కారణం వేరు. కోడికి చెమట గ్రంథులు లేవు. ఎండ పెరిగితే ముక్కు తెరిచి రొప్పుతుంది. రొప్పినకొద్దీ రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. పెంకుకి కావలసిన ముడిసరుకుల్లో అదొకటి కదా! దానికి తోడు ఎండలో కోడి మేత కూడా తగ్గిస్తుంది కాబట్టి కాల్షియమూ తగ్గుతుంది. రెండు పక్కలా నష్టమే. 1980లలో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు దీనికో విచిత్రమైన ఉపాయం చేసి చూశారు. వేడిలో ఉంచిన కోళ్ళకి మామూలు నీళ్ళకి బదులు సోడా తాగించారు. సోడాలో ఉన్నది కార్బన్ డయాక్సైడే. పెంకులు మెరుగుపడ్డాయి. మన దగ్గర ఏ రైతూ వెయ్యి కోళ్ళకి గోలీసోడా పట్టలేడు గాని, కారణం మాత్రం ఆ ప్రయోగంతో బాగా అర్థమవుతుంది. రైతులు చేసేది షెడ్డు పైకప్పు మీద నీళ్ళు చల్లడం, ఫ్యాన్లు పెట్టడం, చల్లటి పొద్దున్న, సాయంత్రం మేత వేయడం.

వయసు సంగతి కూడా చెప్పుకోవాలి. కోడి ముదిరేకొద్దీ గుడ్డు పెద్దదవుతుంది, కాని పెంకుకి పెట్టే సున్నం అంతగా పెరగదు. చిన్న పూరీకి చేసిన పిండితో పెద్ద పూరీ వత్తితే ఏమవుతుంది? అదే అవుతుంది. కాబట్టి ట్రేలో పెద్ద గుడ్డు కోసం ఎగబడేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి, త్వరగా పగిలేవి కూడా అవే. కొక్కెర తెగులు వంటి రోగాలు వచ్చినా పెంకు గరుకుగా, వంకరగా రావచ్చు. కొన్ని వైరస్ రోగాల్లో పెంకే లేకుండా తోలు సంచిలా మెత్తటి గుడ్డు పడుతుంది.

రంగుకీ బలానికీ సంబంధం లేదు. తెలుపా, గోధుమా అన్నది జాతిని బట్టి ఉంటుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన గ్రామప్రియ కోడి గోధుమ రంగు గుడ్లు పెడుతుంది. రంగు పెంకుకే గాని లోపలి బలానికి కాదు.

ఇంతవరకు కోడి గురించే చెప్పుకున్నాం. పెంకు పలుచబడటం వల్ల ఒక పక్షి జాతే దాదాపు కనుమరుగయ్యేదాకా వచ్చిన కథ ఇంకొకటుంది. అది ఇంగ్లాండు కథ. మాకు అన్నిటికంటే నచ్చింది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

పెరెగ్రిన్ డేగ అని ఒక పక్షి. ఆకాశం నుంచి వేట మీదికి దూకేటప్పుడు గంటకు 300 కిలోమీటర్ల వేగం దాటుతుంది. చలికాలంలో మన దేశానికి కూడా వలస వస్తుంది. 1960 ప్రాంతంలో బ్రిటన్‌లో పందెం పావురాలు పెంచేవాళ్ళు ఈ డేగలు తమ పావురాలను ఎత్తుకుపోతున్నాయని ఫిర్యాదు చేశారు. సరే, ఎన్ని డేగలున్నాయో లెక్క తీద్దామని 1961లో సర్వే మొదలుపెట్టారు. దానికి నాయకుడు డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త. తీరా చూస్తే డేగలు పెరగడం మాట అటుంచి, యుద్ధానికి ముందున్న వాటిలో సగం కూడా మిగల్లేదు! అంతకు పదేళ్ళ ముందునుంచే రాట్‌క్లిఫ్ ఒక వింత గమనిస్తున్నాడు. కొండ చరియల మీది గూళ్ళలో గుడ్లు పగిలి ఉంటున్నాయి. తల్లి డేగ పొదగడానికి కూర్చుంటే దాని బరువుకే పగిలిపోతున్నాయి.

పెంకు పలుచబడిందా? పలుచబడితే ఎప్పటినుంచి? పాత గుడ్లు కావాలి. అదృష్టమో దురదృష్టమో, ఆ దేశంలో అడవి పక్షుల గుడ్లు ఏరి దాచుకోవడం చాలామందికి పిచ్చి. చిన్న బెజ్జం పెట్టి లోపలి సొన ఊదేసి, ఖాళీ పెంకు మీద తేదీ, ఊరు రాసి పెట్టెల్లో దాచేవాళ్ళు. తర్వాత చట్టం దాన్ని నేరం చేసింది, అది న్యాయమే. కాని ఆ పాత పెట్టెలే ఇప్పుడు సాక్ష్యం అయ్యాయి.

మందం కొలుద్దామంటే పెంకు పగలగొట్టాలి. ఎవరు ఒప్పుకుంటారు? రాట్‌క్లిఫ్ ఒక సులువు కనిపెట్టాడు. పెంకు బరువును మిల్లీగ్రాముల్లో తీసుకుని, దాన్ని గుడ్డు పొడవు, వెడల్పుల లబ్ధంతో (మిల్లీమీటర్లలో) భాగించాడు. గుడ్డు పెద్దదైతే బరువూ పెరుగుతుంది, పొడవు వెడల్పులూ పెరుగుతాయి. భాగిస్తే పరిమాణం తేడా పోయి మందం తేడా మిగులుతుంది. కావలసినవి ఒక త్రాసు, ఒక కాలిపర్స్, భాగహారం. అంతే! ఏడో తరగతి పిల్లవాడు కూడా చేయగల లెక్క.

ఏళ్ళవారీగా గుర్తులు పెట్టి చూస్తే, 1947 దాకా పెంకులు దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి. అక్కడినుంచి ఒక్కసారిగా పడిపోయాయి. సుమారు అయిదో వంతు మందం పోయింది. 1967లో ఈ సంగతి నేచర్ అనే పత్రికలో వచ్చింది. మరుసటి ఏడు అమెరికాలో హికీ, ఆండర్సన్ అనే ఇద్దరు అక్కడి మ్యూజియం గుడ్లను చూసి అదే మాట చెప్పారు. సముద్రానికి రెండు పక్కలా, ఒకే సమయంలో.

1947కి ముందు ఏం జరిగింది? డి.డి.టి. వచ్చింది. అది పురుగులను చంపుతుందని 1939లో పాల్ ముల్లర్ కనిపెట్టాడు. యుద్ధంలో దోమలు, పేలు తెచ్చే రోగాలనుంచి ఎన్నో ప్రాణాలు కాపాడింది. 1948లో ఆయనకి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. యుద్ధం అయ్యాక దాన్ని పొలాల మీద కుమ్మరించారు. అది త్వరగా విరిగిపోదు. గింజల్లోంచి, పురుగుల్లోంచి చిన్న పక్షి కొవ్వులోకి, అలాంటి పక్షుల్ని వందలకొద్దీ తినే డేగ ఒంట్లోకి చేరి పేరుకుపోతుంది. ఆహారపు గొలుసు పాఠంలో పై మెట్టులో ఉన్నవాడికే ఎక్కువ విషం అని చదివాం కదా, అది ఇదే. డి.డి.టి. శరీరంలో డి.డి.ఇ. అనే పదార్థంగా మారి, పెంకు గ్రంథికి కాల్షియం చేరకుండా అడ్డుపడుతుంది. 1969లో అమెరికాలో బాతులకు, చిన్న డేగలకు ఈ మందులు కలిపిన మేత పెట్టి చూస్తే పెంకులు పలుచబడ్డాయి. అనుమానం రుజువైంది. పెద్ద పక్షులను నేరుగా చంపిన ఇతర పురుగుమందులు కూడా ఉన్నాయి, డేగలు తగ్గిన పాపమంతా డి.డి.టి. ఒక్కదానిదే కాదు. కాని పెంకు విషయంలో దోషి అదే.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. కోడి మీద డి.డి.ఇ. ప్రభావం చాలా తక్కువ. ఆ రోజుల్లో శాస్త్రవేత్తలు కోడిగుడ్లు మాత్రమే కొలిచి ఊరుకుని ఉంటే "ఏమీ లేదు, అంతా బాగుంది" అని రాసేసేవాళ్ళు. ఏ పక్షిని చూశామన్నది కూడా పరిశోధనలో భాగమే.

అమెరికా 1972లో డి.డి.టి. వాడకాన్ని చాలావరకు నిషేధించింది. మన దేశంలో 1989లో వ్యవసాయానికి నిషేధించారు, మలేరియా దోమల కోసం మాత్రం ఆ తర్వాత కూడా ఇళ్ళ గోడలకు కొట్టారు. డేగలు నెమ్మదిగా కోలుకున్నాయి. 1999లో అమెరికా పెరెగ్రిన్‌ను అంతరించే ప్రమాదమున్న పక్షుల జాబితా నుంచి తీసేసింది.

పెంకు గట్టిగా ఉంటే చాలదు, గాలి కూడా ఆడాలి. కోడిగుడ్డు పెంకులో సుమారు పదివేల సన్నటి రంధ్రాలుంటాయి. పొదిగే 21 రోజుల్లో లోపలి పిల్ల వాటిగుండా సుమారు 6 లీటర్ల ఆక్సిజన్ తీసుకుని, 4.5 లీటర్ల కార్బన్ డయాక్సైడ్, 11 లీటర్ల నీటి ఆవిరి బయటికి వదులుతుందని 1970లలో అమెరికా శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు. పెరిగే పిల్ల తన ఎముకలకి కావలసిన కాల్షియాన్ని పెంకు లోపలి వైపునుంచే కరిగించి తీసుకుంటుంది. దాంతో పెంకు లోపల బలహీనపడి, పిల్ల ముక్కుతో కొట్టే సమయానికి పగలడానికి సిద్ధంగా ఉంటుంది. తల్లి కోడి కూర్చుంటే పగలకూడదు, పిల్ల పొడిస్తే పగలాలి. రెండూ ఒకే పెంకుతో!

అవే రంధ్రాలు మనం తినే గుడ్డు తాజాదనాన్ని కూడా చెబుతాయి. రోజులు గడిచేకొద్దీ నీరు ఆవిరై, మొద్దుగా ఉన్న కొసలో గాలి గది పెద్దదవుతుంది. తాజా గుడ్డు నీళ్ళలో అడ్డంగా మునిగి పడుకుంటుంది, కాస్త పాతది నిలబడుతుంది, బాగా పాతది తేలుతుంది. కార్బన్ డయాక్సైడ్ కూడా రంధ్రాల్లోంచి పోవడంతో చిక్కటి తెల్లసొన పలుచబడి నీళ్ళలా పారుతుంది. గుడ్డును అద్దం మీద పగలగొట్టి, చిక్కటి సొన ఎత్తును గుడ్డు బరువుతో లెక్కగట్టే పద్ధతిని 1937లో రేమండ్ హా అనే అమెరికన్ చెప్పాడు. ప్రపంచమంతా గుడ్డు నాణ్యతను ఈనాటికీ ఆయన పేరున్న ప్రమాణంతోనే కొలుస్తారు. 72 దాటితే మొదటి రకం.

వలిచేటప్పుడు పెంకు ఊడిరాక తెల్లసొన ముక్కలు ముక్కలుగా వస్తే "ఇవి పాడైన గుడ్లు" అని మనవాళ్ళు గొడవ చేస్తుంటారు. నిజానికి అది తాజా గుడ్డు లక్షణం. నాలుగైదు రోజులాగితే తెల్లసొన క్షారగుణం పెరిగి పొర సులువుగా ఊడుతుంది. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం వస్తే అది కూడా విషం కాదు, ఎక్కువసేపు ఉడికించారని అర్థం. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆ రంగు ఇస్తాయి. చూడాల్సింది పగుళ్ళనే. పైపూత, పెంకు, పొరలు అన్నీ క్రిములను ఆపే గోడలు. పగులు పడి సొన కారుతున్న గుడ్డు ఎంత ఉడికించినా వద్దు, తెచ్చినవాళ్ళ ముందే వేరుచేసి తిరిగి ఇవ్వాలి. సన్నటి గీత మాత్రమే పడి లోపలి పొర చెక్కుచెదరకపోతే అదే రోజు బాగా ఉడికించి వాడుకోవచ్చు. నిలవ చేసే గుడ్లను ముందుగా కడగకూడదు, కడిగితే పైపూత పోతుంది. ట్రేలో మొద్దు కొస పైకి ఉండాలి.

రాట్‌క్లిఫ్ లెక్కను మనమూ చేయవచ్చు. పచ్చి గుడ్డును స్కూలు ల్యాబులోని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. వంటకు పగలగొట్టాక పెంకు కడిగి, ఎండబెట్టి తూచండి. ఉదాహరణకు పెంకు 5,500 మిల్లీగ్రాములు, పొడవు 57, వెడల్పు 43 అయితే 5,500ను 2,451తో భాగిస్తే 2.24 వస్తుంది. మనకి పెంకు పగిలే ఉంటుంది కాబట్టి స్క్రూగేజితో మందం కూడా చూడవచ్చు. లోపలి పొర ఊడదీసి మొద్దు కొస, నడుము, మొనకొస, ఈ మూడు చోట్ల చిన్న ముక్కలు తీసుకుని సగటు కట్టండి. 0.33 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఆ గుడ్డు దారిలో పగిలే అవకాశం ఎక్కువ.

దీనికోసం ఒక నోటుపుస్తకం గీశాం. తేదీ, వచ్చిన గుడ్లు, పగిలినవి, ఆ రోజు ఎండ, కొలిచిన గుడ్డు పొడవు, వెడల్పు, పెంకు బరువు, మందం అని గళ్ళున్నాయి. వార్డెన్ గారు అనుమతి ఇచ్చారు. ఏప్రిల్, మే నెలల్లో హాస్టల్ ఉండదు కాబట్టి జూన్, మార్చి ఎండలనే చలికాలంతో పోల్చాలి. పుస్తకం స్టోరు గది తలుపు పక్కన మేకుకి వేలాడుతోంది, పెన్సిలు దారంతో కట్టి ఉంది. పదో తరగతి వాళ్ళం వెళ్ళిపోయాక ఎనిమిదో తరగతి వాళ్ళు రాస్తామన్నారు.